తాగుడూ మానసిక జబ్బూ కలిసి ఉంటే వైద్యం ఎక్కడ, ఎలా అడగాలి

"ముందు తాగుడు మాన్పించి తీసుకురండి, తర్వాత చూద్దాం." ఇంట్లో మనిషికి మానసిక జబ్బూ తాగుడూ రెండూ ఉన్నవాళ్లు ఈ మాట వినే ఉంటారు. సరేనని తాగుడు మాన్పించే సెంటర్‌కు పోతే, "ఈయనకు మెంటల్ ప్రాబ్లం ఉందమ్మా, ముందు అది చూపించుకోండి" అని పంపేస్తారు. మా తమ్ముడికి బైపోలార్ ఉంది, అంటే కొన్నాళ్లు హద్దుమీరిన హుషారు, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బు. దానికి తోడు తాగుడు. మాది జగిత్యాల వైపు పల్లె, నేను బడిలో టీచర్‌ని. ఇలాంటి ఇళ్లవాళ్లు నాకు ఫోన్ చేసి దారి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఏది ముందు, ఏది తర్వాత అనే వాదనలో పడకండి. రెంటికీ వైద్యం ఒకే డాక్టర్ చేతిలో, ఒకే సమయంలో నడవాలి. ఆ డాక్టర్ సైకియాట్రిస్టు, అంటే మానసిక వైద్యుడు. తాగుడు వైద్యం కూడా వాళ్ల చదువులో భాగమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మానసిక జబ్బుకు ఇచ్చిన అర్థంలోనే మద్యం, మత్తుపదార్థాలతో వచ్చే మానసిక స్థితుల్ని కలిపింది. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వాసుపత్రికి పోయి సైకియాట్రీ ఓపీ చీటీ రాయించుకోండి. మా వైపు వాళ్లకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు ఉన్నాయి. రాయలసీమ వాళ్లకు బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ దగ్గర, అక్కడ వ్యసనాలకు ప్రత్యేక విభాగం నడుస్తోంది. ఎక్కడికి పోవాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం, 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మత్తు అలవాట్లకు విడిగా 14446 ఉంది. ఏ నంబరుకు చేసినా "రెండు సమస్యలూ ఉన్నాయి" అని మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఆసుపత్రికి పోకముందే జరిగే ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి గొళ్లెం వేసి, ఒక్కసారిగా మాన్పించాలని చూడకండి. రోజూ బాగా తాగేవాళ్లకు ఆపిన రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, గోడమీద పురుగులు పాకుతున్నాయంటూ తాము ఎక్కడున్నారో కూడా తెలియని స్థితి వస్తుంది. అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి, వెంటనే 108కి చేయాలి. డ్యూటీ డాక్టర్‌కు రోజూ ఎంత తాగేవాడు, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, ఏ మాత్రలు వేసుకుంటున్నాడు అన్న మూడూ చెప్పండి. గ్లూకోజ్ ఎక్కించబోతుంటే "బి1 ఇంజెక్షన్ ఇచ్చారా సార్?" అని అడగండి. చాలా రోజులుగా తాగుతూ సరిగా తినని ఒంటికి ఆ విటమిన్ అందకుండా గ్లూకోజ్ ఎక్కితే మెదడుకు చేటు జరగవచ్చు.

కల్లు తాగేవాళ్ల సంగతి ఇంకా చిక్కు. తెలంగాణలో చాలాచోట్ల దుకాణాల్లో అమ్మేది కల్తీ కల్లు. అందులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపినట్టు దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. అది తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తారు, ఫిట్స్ వస్తాయి. 2020 మార్చి ఆఖర్లో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డ కొద్దిరోజులకే ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటి మనుషులు వరసకట్టారు. ఊళ్లో దాన్ని గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. మీ ఇంట్లో ముసలమ్మ అయినా సరే, రోజూ ఒక సీసా కల్లు తాగే అలవాటుంటే డాక్టర్‌కు దాచకండి. "మా అమ్మ తాగదు, కల్లు మాత్రమే పుచ్చుకుంటుంది" అని చెబితే అసలు కారణం డాక్టర్‌కు అందదు.

ఇక డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు పట్టుకెళ్లాల్సింది ఒక కాగితం. ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే, ఆ నిమిషాల్లో ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా చెబితే ఏమీ తేలదు. నేను బడి లాంగ్‌బుక్‌లో పేజీకి అడ్డంగా గీతలు కొట్టి తేదీ, నిద్ర, తాగుడు, ప్రవర్తన అని నాలుగు గడులు పెట్టాను. పక్కన మాత్ర వేసుకుంటే టిక్కు. బతుకమ్మ ముందు వారం గడిలో ఇలా ఉంది: "నిద్ర రెండు గంటలు. తాగలేదు. అప్పు తెచ్చి రెండు ఫోన్లు కొన్నాడు. తెల్లవారుజామున ఇల్లంతా కడిగాడు." తర్వాతి వారం: "నిద్ర లేదు. సాయంత్రం నుంచే తాగుడు. మరదలి మీద చెయ్యి ఎత్తాడు." డాక్టరమ్మ ఆ పేజీ మీద వేలు ఆన్చి, మొదటి వారం దగ్గర ఆపింది. "చూడండి, నిద్ర కరువయ్యాకే తాగుడు మొదలైంది. ఈయన నిద్ర కోసం తాగుతున్నాడు" అంది. అప్పటిదాకా ఇంట్లో అందరం తాగుడువల్లే నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటున్నాం. మీ ఇంట్లో దీనికి తలకిందులుగా ఉండొచ్చు. తాగుడువల్ల వచ్చే దిగులు, మానేసిన కొన్ని వారాల్లో చాలామందిలో తగ్గుతుంది. తగ్గకపోతే అది విడిగా డిప్రెషన్ కావచ్చు. అందుకే "మానిన తర్వాత జబ్బేమిటో మళ్లీ ఎప్పుడు చూస్తారు?" అని అడిగి తేదీ రాయించుకోండి.

మనిషి రానంటే? తాగి ఉన్నప్పుడు ఈ మాట ఎత్తకండి. పొద్దున్నే, టీ తాగే వేళ, అతనికే బాధ కలిగించే దాని గురించి మొదలుపెట్టండి. నేను "తమ్మీ, నిద్ర పడతలేదంటున్నవు గదా, డాక్టర్‌కు చూపిద్దాం పా" అన్నాను. "తాగుడు ముచ్చట తీస్తే లేచొస్త అక్కా" అన్నాడు. సరేనన్నాను, తియ్యలేదు. డాక్టరమ్మ నిద్ర గురించి అడుగుతుంటే తాగుడు సంగతి వాడే చెప్పుకున్నాడు.

మజ్జిగలోనో సాంబార్లోనో తెలియకుండా కలిపితే తాగుడు మాన్పించే మందులంటూ బస్టాండు గోడల మీద ప్రకటనలు ఉంటాయి. వాటి జోలికి అస్సలు పోకండి. వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా మనిషి తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చు. లేని మాటలు వినిపించే జబ్బున్నవాళ్లకు అది ఆ జబ్బును రేపగలదు కూడా. మనిషికి తెలిసి, అతను ఒప్పుకుని, డాక్టర్ చూస్తుండగా వాడాల్సిన మందది.

తాగుడు మాన్పిస్తామనే ప్రైవేటు రిహాబ్ సెంటర్ విషయంలో నాకు కోపం ఎక్కువ. నగరంలో ఒక సెంటర్‌లో మా తమ్ముడు బైపోలార్‌కు వాడే లిథియం మాత్రలు గేటు దగ్గరే తీసి పక్కన పెట్టారు, "ఇక్కడ మందులుండవు, మనసు గట్టిపడాలి" అన్నారు. నెల తిరక్కుండానే మానియా, అంటే ఆ హద్దుమీరిన హుషారు దశ, వచ్చింది. కాబట్టి చేర్చేముందు అడగండి: ఆ 2017 చట్టం కింద రిజిస్టర్ అయిందా, కాగితం చూపిస్తారా? సైకియాట్రిస్టు ఏయే రోజుల్లో వస్తారు? ఇప్పుడు వాడుతున్న మాత్రలు కొనసాగిస్తారా? ఇంటివాళ్లను కలవనిస్తారా? వీటికి సూటిగా జవాబు రాకపోతే వెనక్కి రండి. గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది. రాత్రిపూట నలుగురు వచ్చి మనిషిని వ్యాన్‌లో ఎత్తుకుపోవడం వైద్యం కాదు. తనంతట నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్న మనిషిని చేర్చాలంటే ఒక సైకియాట్రిస్టు, మరొక డాక్టర్ లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. మొదట అనుమతి 30 రోజుల దాకే.

గంజాయి అలవాటైన కాలేజీ పిల్లల తల్లిదండ్రులు కేసవుతుందని భయపడి ఆసుపత్రికే రారు. వైద్యం అడగడం నేరం కాదు. వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఇరుక్కున్నవాళ్లు కూడా తమంతట తాము ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో వైద్యానికి వస్తే, మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి, అంటే కోర్టు కేసు నుంచి, రక్షణ ఇస్తుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు.

మందులు రాసిన రోజు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "పొరపాటున తాగిన రోజు ఈ మాత్ర వేయాలా, ఆపాలా?" జవాబు మాత్రను బట్టి మారుతుంది, మీ అంతట మీరు తేల్చకండి. లిథియం వాడేవాళ్లకు వాంతులైనా, నీళ్లు సరిగా తాగకపోయినా రక్తంలో దాని మోతాదు పెరగవచ్చు. అప్పుడు చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, నడక తూలుతుంది. చూసేవాళ్లకు తాగినట్టే ఉంటుంది. "మళ్లీ తాగొచ్చాడు" అని తిట్టి పడుకోబెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలున్నాయి, లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఇస్తారు. నిద్రమాత్రలు మాత్రం చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనకండి. తాగుడుతో కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

చచ్చిపోతానన్న మాట నోట వస్తే తాగిన మైకం అని కొట్టిపారేయొద్దు. దిగులుకు తాగుడు తోడైనప్పుడే ప్రమాదం ఎక్కువ. పురుగుమందు డబ్బాలు ఆ రోజే ఇంట్లోంచి తీయించి వేరేవాళ్ల దగ్గర తాళం వేయించండి. మాత్రలు మీ దగ్గర పెట్టుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి. మనిషిని ఒంటరిగా వదలకుండా 14416కు చేయండి. ఆత్మహత్యకు ప్రయత్నిస్తే పోలీసు కేసు భయంతో ఆసుపత్రి ఆలస్యం చేయకండి. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని ఆ 2017 చట్టమే చెబుతోంది.

డిశ్చార్జి అయ్యాక ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులకు పంపడం మంచిది. చాలా ఊళ్లలో తెలుగులోనే జరుగుతాయి, ఫీజు ఉండదు. అక్కడ ఎవరైనా "మానసిక మాత్రలు కూడా మత్తే, మానెయ్" అంటే అది ఆ సభ్యుడి సొంత మాట. సభ్యులు డాక్టర్ పాత్ర తీసుకోకూడదని ఏఏ వాళ్లే చెబుతారు. ఇంటివాళ్లకు అల్-అనాన్ అని విడిగా ఉంది. మా మరదలు మొదట "తాగేది ఆయన, మీటింగు నాకెందుకు వదినా" అంది. ఇప్పుడు ప్రతి ఆదివారం పోతోంది, తమ్ముడు వచ్చినా రాకపోయినా.