డిలే ఎఫెక్ట్ కోడ్‌లో పాయింటర్ తప్పును ఎలా పట్టుకోవాలి?

మీరు సీ ప్లస్ ప్లస్‌లో రాసుకున్న డిలే ఎఫెక్ట్ (శబ్దాన్ని కాస్త ఆలస్యంగా ఎకోలా వినిపించేది) ఉన్నట్టుండి చిటపటమంటోందా? దయచేసి ఆడియో కాల్‌బ్యాక్‌లో (ప్రతి బ్లాక్ శబ్దానికీ నడిచే ఫంక్షన్‌లో) ప్రింట్ పెట్టొద్దు. 48,000 హెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బ్లాక్ అంటే మీకున్న టైమ్ సుమారు 2.7 మిల్లీసెకన్లు, దాన్ని ప్రింట్ తినేస్తే కొత్త చిటపటలు మొదలై అసలు తప్పేదో తేలదు.

ఎఫెక్ట్ కోడ్‌ని హోస్ట్ (ప్లగిన్‌ని నడిపే ఆడియో సాఫ్ట్‌వేర్) నుంచి బయటికి తీసి, చిన్న మెయిన్ ఫంక్షన్ రాసి అందులోంచి పిలవండి. కంపైలర్ క్లాంగ్ అయినా జీసీసీ అయినా అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం), డీబగ్ సమాచారం రెండూ ఆన్ చేసి కంపైల్ చేయండి. హోస్ట్‌లోనే ఉంచి శానిటైజర్ వాడాలని చూస్తే ప్లగిన్ లోడ్ అవ్వడానికే తంటా.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఒకే శాంపిల్ రేటుతో నడిపి ఎర్రర్ రాలేదనుకుంటారు. అర సెకను డిలేకి 44,100 దగ్గర 22,050 శాంపిళ్లు చాలు, 96,000 దగ్గర 48,000 కావాలి. శాంపిళ్లు ఉంచే వెక్టర్‌ని అంత పెద్దగా రీసైజ్ చేస్తే దాని డేటా మెమరీలో కొత్త చోటికి వెళ్తుంది, మీరు దాచుకున్న రీడ్ పాయింటర్ మాత్రం ఖాళీ చేసిన పాత చోటునే చూస్తుంటుంది. అక్కడ పాత శాంపిళ్లు చెరిగిపోకుండా ఉంటే కాసేపు ఎకో బాగానే వినిపిస్తుంది కూడా, అందుకే చెవిని నమ్మొద్దు.

టెస్టు ఎప్పుడూ చిన్న రేటు నుంచి పెద్ద రేటుకే వెళ్లాలి. వెక్టర్‌ని రీసైజ్‌తో తగ్గిస్తే మెమరీ కదలదు, తప్పు దాక్కునే ఉంటుంది. నేను తలకిందులుగా టెస్టు చేసి రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. 44,100తో సెటప్ చేసి పది బ్లాకులు, మళ్లీ 96,000తో సెటప్ చేసి ఇంకో పది నడపండి.

శానిటైజర్ రిపోర్ట్ రాగానే మొదటి స్టాక్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలో) కనిపించిన లైన్ దిద్దేయకండి, తప్పు బయటపడింది అక్కడ, పుట్టింది ఇంకెక్కడో. కింద ‘ఫ్రీడ్ బై’ అని ఉన్న స్టాక్ చదవండి, రీసైజ్ అందులో దొరుకుతుంది.

ఇక పాయింటర్ దాచడం మానేసి ఇండెక్స్ (వెక్టర్‌లో ఎన్నో శాంపిలో చెప్పే అంకె) దాచండి. సెటప్‌లో పాయింటర్‌ని మళ్లీ సెట్ చేస్తే చాలదా అంటారు. చాలు, కానీ రేపు ఇంకోచోట రీసైజ్ వచ్చి చేరితే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇండెక్స్‌లోనూ ఒకటి చూసుకోండి. రాసే చోటు 3, డిలే 5 అయితే తేడా మైనస్ 2, అన్నీ ఇంట్‌లైతే సీ ప్లస్ ప్లస్‌లో మాడ్యులో (భాగిస్తే మిగిలే శేషం) తీసినా మైనస్ మైనస్‌గానే ఉంటుంది. ముందు బఫర్ (అంటే ఆ వెక్టర్) సైజు కలిపి ఆ తర్వాతే మాడ్యులో తీయండి. ఇంటర్‌పొలేషన్ (రెండు శాంపిళ్ల మధ్య విలువ లెక్కగట్టడం) ఉంటే పక్క శాంపిల్ ఇండెక్స్‌కి కూడా ఇదే చేసి, 1, 64, 500 శాంపిళ్ల బ్లాకులతో ఇంకోసారి నడపండి.