పారావ్యూలో "రక్తం పారుతలేదు"

"అన్నా, రక్తం పారుతలేదు!" ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే నల్లగొండ పిల్లల నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందో లెక్కగట్టే సిమ్‌వాస్క్యులర్ సాఫ్ట్‌వేర్‌లో బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) మోడల్ చేసి, రిజల్టును బొమ్మలుగా చూపే పారావ్యూలో తెరుస్తారు. రెండూ ఉచితం కదా. చాలాసార్లు లెక్క బాగానే ఉంటుంది, చూడటంలోనే తేడా.

సమస్య: ఫైలు తెరిచినా తెర ఖాళీ.
అప్లై నొక్కలేదు. నవ్వకండి, నేనూ ఓ పూటంతా పోగొట్టుకున్నా. నొక్కినా రాకపోతే ఎడమ పక్క ఫైలు పేరు దగ్గరున్న కన్ను గుర్తు ఆరిపోయిందేమో చూడండి.

సమస్య: వెలాసిటీతో (వేగంతో) రంగు వేస్తే ధమని మొత్తం నీలం, అంటే వేగం సున్నా.
కారణం: మీకు కనిపిస్తున్నది గోడ. గోడ కదలని మోడల్‌లో, దాన్ని ఆనుకున్న రక్తం వేగం సున్నా అని మనమే షరతు పెట్టాం. మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమ కాలువ గట్టు మీద నిలబడి చూడండి. అంచున చెత్త మెల్లగా కదులుతుంటుంది, నడుమ నీళ్లు ఉరుకుతుంటాయి. మీరు చూస్తున్నది గట్టునే.
పరిష్కారం: స్లైస్ గానీ క్లిప్ గానీ పెట్టి ధమనిని కోయండి. స్లైస్ చేస్తే నిండు బిళ్లకు బదులు ఉంగరంలా ఉత్త గీతే వచ్చిందా? అయితే మీరు తెరిచింది వీటీపీ ఫైలు. అందులో పైపొర తప్ప ఏమీ ఉండదు, ఎంత కోసినా బోలు గొట్టమే. లోపలి రక్తం వీటీయూ ఫైల్లో ఉంటుంది.

సమస్య: ప్లే నొక్కగానే అంతా ఎర్రబడుతోంది.
రంగుల హద్దులు గుండె ఇంకా కొట్టని మొదటి క్షణానికి కుదిరిపోయాయి. అన్ని టైంస్టెప్‌ల (లెక్కలోని ఒక్కో క్షణం) మీద రీస్కేల్ చేసే బటన్ ఒకటుంది, అది నొక్కితే సరి.

సమస్య: రక్తం పారే దారులను గీతలుగా గీసే స్ట్రీమ్ ట్రేసర్ పెడితే ఒక్క గీతా రాలేదు.
విత్తనాలు (సీడ్లు, అంటే గీతలు మొదలయ్యే చుక్కలు) చేను బయట చల్లారు! మామూలుగా వచ్చే సీడ్ లైను మోడల్ చుట్టూ ఉన్న పెట్టెకు అడ్డంగా పోతుంది. వంపు తిరిగిన ధమనిలో అది చాలావరకు రక్తం లేని చోటే పడుతుంది. సీడ్ రకాన్ని పాయింట్ క్లౌడ్‌కు మార్చి, చిన్న గోళాన్ని ఇన్‌లెట్ (రక్తం లోపలికొచ్చే మూతి) దగ్గర ధమని లోపల పెట్టండి.

సమస్య: ప్రెషర్ 1,60,000 చూపిస్తోంది.
పేషెంటుకేమీ కాలేదు. మోడల్ సెంటీమీటరు, గ్రాము, సెకను లెక్కలో నడిచింది. పాదరసం 1 మిల్లీమీటరు ఒత్తిడి అంటే ఆ లెక్కలో 1333.2. కాలిక్యులేటర్ ఫిల్టర్ పెట్టి ప్రెషర్‌ను దాంతో భాగించండి, బీపీ మిషన్ చూపే 120 వచ్చేస్తుంది. భాగించాక కూడా 300 దాకా వస్తోందంటే ఇక పారావ్యూతో పని లేదు. సిమ్యులేషన్‌కు తిరిగి వెళ్లి, అవుట్‌లెట్ల (రక్తం బయటికి పోయే మూతుల) దగ్గర మీరిచ్చిన రెసిస్టెన్స్ (ప్రవాహానికి అడ్డు) విలువలు చూడండి.