సొంత సర్వర్ పాఠాలు, 4వ భాగం: డైనమిక్ డీఎన్‌ఎస్ క్లయింట్ ఏది పెట్టుకోవాలి?

హైదరాబాద్‌లో కరెంటు పోయి వచ్చి రౌటర్ మళ్లీ ఆన్ అయితే, చాలా ఇళ్లలో ఐపీ (నెట్‌లో ఇంటి అడ్రస్) మారిపోతుంది. కిందటి భాగంలో మన డెబియన్ (లినక్స్) కంప్యూటర్ పెట్టెకు పెట్టుకున్న పేరు పాత ఐపీనే చూపిస్తూ ఉంటుంది. కొత్తదాన్ని డీఎన్‌ఎస్‌కు (పేర్లను ఐపీలకు జతచేసే వ్యవస్థకు) చేరవేసే ప్రోగ్రామే ఈ క్లయింట్.

ఏదైనా ఇన్‌స్టాల్ చేసే ముందు రౌటర్ అడ్మిన్ పేజీలో వాన్ ఐపీ (ఐఎస్‌పీ, అంటే నెట్ కంపెనీ, రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్) చూడండి. 100.64.0.0 నుంచి 100.127.255.255 లోపు ఉంటే మీరు సీజీనాట్ వెనకున్నారు. ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి కాబట్టి బయటి నుంచి వచ్చే కనెక్షన్ మీ రౌటర్ దాకా రాదు. దీనికి ఏ క్లయింటూ మందు కాదు. ఐఎస్‌పీని స్టాటిక్ ఐపీ అడగండి, లేదా ఐపీవీ6 వాడండి.

ఆ గండం లేకపోతే క్లయింటులో రెండే చూడండి. ఒకటి, ఐపీని ఎక్కడ చూస్తుంది? పెట్టె ఈథర్‌నెట్ కార్డు మీద ఉండేది 192.168తో మొదలయ్యే లోపలి అడ్రస్. అది డీఎన్‌ఎస్‌లోకి ఎక్కితే పేరు ఎందుకూ పనికిరాదు. బయటి వెబ్‌సైటును అడిగి తెలుసుకునే పద్ధతి పెట్టండి. రెండోది, కిందటిసారి పంపిన ఐపీని గుర్తుంచుకుంటుందా? క్రాన్‌లో (పనులను వేళకు నడిపే ప్రోగ్రాంలో) కర్ల్ స్క్రిప్టు (వెబ్ అడ్రసుకు సమాచారం పంపేది) పెట్టి 5 నిమిషాలకోసారి అదే ఐపీ పంపుతుంటే, డిన్‌డీఎన్‌ఎస్2 (ఐపీ మార్పు పంపే ఒక పద్ధతి) వాడే డీఎన్‌ఎస్ సర్వీసులు 'అబ్యూజ్' అని జవాబిచ్చి పేరును ఆపేయగలవు.

డీడీక్లయింట్, ఇనాడిన్ అనే రెండు క్లయింట్లూ కాష్ పెట్టుకుంటాయి, అంటే పంపిన ఐపీని గుర్తుంచుకుంటాయి. డీడీక్లయింట్ పెర్ల్‌లో రాసింది, చాలా సర్వీసులు తెలుసు. మొదటిసారికి మా ఓటు దీనికే. ఇనాడిన్ సీ భాషది, తక్కువ మెమరీ ఉన్న పెట్టెలకు నప్పుతుంది. కాన్ఫిగ్ ఫైలులో పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. ఫైలు పర్మిషన్ 600 (ఫైలు యజమాని మాత్రమే చదివి, రాయగలిగేలా) చేయడం మరవద్దు.

సొంత బైండ్ (డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్) సర్వర్ ఉన్నవారికి దానికి మార్పులు పంపే ఎన్ఎస్‌అప్‌డేట్ కమాండు చాలు. కానీ అప్‌డేట్ మీదేనని రహస్య కీతో రుజువు చేసే టీసిగ్ సంతకంలో సమయం కూడా ఉంటుంది, మామూలుగా 300 సెకన్ల తేడా దాటితే 'బ్యాడ్‌టైమ్' వస్తుంది. రాస్‌బెర్రీ పై 4లో గడియారం బ్యాటరీ లేదు. కరెంటు వచ్చాక ఎన్‌టీపీ (నెట్ నుంచి సమయం తెచ్చేది) గడియారం సరిచేసేలోపు అప్‌డేట్ పంపితే, కీ సరిగ్గా ఉన్నా తిరస్కరిస్తుంది. ముందు టైమ్ సింక్ అయ్యేలా సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రాంలో) వరుస పెట్టండి.

ఇంటిపని: డీడీక్లయింట్‌లో డీమన్ విలువ (ఎన్ని సెకన్లకోసారి ఐపీ చూడాలో) 300, డీఎన్‌ఎస్ రికార్డు టీటీఎల్ (పాత జవాబును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో) 60 పెట్టి రౌటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఐపీ మారితే, నెట్ వచ్చాక 6 నిమిషాల్లో మొబైల్ డేటా మీద మీ పేరు కొత్త ఐపీని చూపాలి. చూపకపోతే డీమన్‌ను (వెనక నడుస్తున్న డీడీక్లయింట్‌ను) ఆపి, డీబగ్, వెర్బోస్ ఆప్షన్లతో ఒక్కసారి నడపండి. 'బ్యాడ్‌ఆథ్' కనిపిస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిచూసుకోండి.