గ్యాస్ పొయ్యికి అదనపు వారంటీ కొనేముందు తుప్పు సంగతి అడగండి

విశాఖలో, అందులోనూ పెదవాల్తేరులా సముద్రపు గాలి తగిలే చోట ఉండేవారు గ్యాస్ పొయ్యికి అదనపు వారంటీ తీసుకునేటప్పుడు, ఏవి వర్తించవో రాసిన భాగాన్ని ముందు చదవండి. సాధారణంగా ఇవి కంపెనీ వారంటీ ముగిశాక మొదలై, మామూలు వాడకంలో తలెత్తే లోపాలనే చూస్తాయి: ఆటో ఇగ్నిషన్ వెలగకపోవడం, గ్యాస్ వాల్వు బిగుసుకుపోవడం వంటివి. తుప్పు, గాజు పలక పగలడం, నాబ్ విరగడం చాలావాటిలో ఉండవు. మన ఉప్పుగాలికి ముందుగా పోయేది ఇనుమే కదా! మా పొయ్యి అడుగు రేకుకు మూడేళ్లకే చిల్లులు పడితే, మెకానిక్ ఒక్క చూపు చూసి "ఇది తుప్పండీ, వర్తించదు" అని సంచి సర్దుకున్నాడు. ఇంట్లోనే కర్రీ పాయింట్‌కు వండేవారికి ఇంకో చిక్కు, వ్యాపార వాడకమని తేలితే గృహ వారంటీ చెల్లకపోవచ్చు. అదనపు వారంటీకి పొయ్యి ధరలో ఐదో వంతుకు మించి అడిగితే నేనైతే వద్దంటాను.

రబ్బరు పైపు ఖర్చు ఎలాగూ మనదే. గ్యాస్ ఏజెన్సీ ఇచ్చే సురక్ష రబ్బరు పైపును 5 ఏళ్లకోసారి మార్పించండి. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, బయటికి వచ్చి గ్యాస్ లీకేజీ అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి, వారంటీ వాళ్లకు కాదు.