కొత్త తోలు వేసిన డప్పు వదులవుతోందా? ముందు పెన్సిల్ గీత గీయండి

కొత్త తోలు వేశాక డప్పు పలకకపోతే అందరూ తోలునే తిడతారు. విప్పే ముందు ఒక్కసారి కాచి చూడరు. వాన పట్టిన రోజున ఏ డప్పైనా మెత్తబడుతుంది. గడ్డిమంటకు జానెడున్నర ఎత్తున తిప్పుతూ నాలుగైదు నిమిషాలు కాచి, వేలితో కొట్టండి. ఖంగుమని, వాయించినా నిలిస్తే తోలు జోలికి పోకండి.

కాచితే ఖంగుమంటుంది, పది నిమిషాలకే మళ్లీ వదులవుతుంది

చట్రానికి జిగురుతో అతికించే డప్పుల్లో ఇది పెద్ద మోసం. తేమ అనుకుని ఇంకా కాస్తారు. కాచిన కొద్దీ వదులు పెరుగుతుంది.

తోలు అంచు మీదుగా చెక్క మీదికి ఎనిమిది చోట్ల అడ్డంగా పెన్సిల్ గీతలు గీయండి. కాచి, పావుగంట వాయించి చూడండి. గీతలన్నీ కలిసే ఉంటే జిగురు తప్పు లేదు, అది తేమ గానీ పలచటి తోలు గానీ. ఎక్కడైనా గీత విరిగి రెండు ముక్కలు పక్కకు జరిగితే అక్కడ తోలు జారుతోంది.

జారడానికి కారణం చాలాసార్లు అంచున మిగిలిన కొవ్వు. మాంసం వైపు గీకేటప్పుడు నడిమి భాగం శుభ్రంగా గీకుతారు, అంచు చట్రం కిందికి పోతుంది కదా అని వదిలేస్తారు. పొట్టవైపు అంచుల్లో పొర ఎక్కువ మిగులుతుంది. కొవ్వు మీద చింతగింజల జిగురు పట్టదు. ఆరాక అతుక్కున్నట్టే కనిపిస్తుంది. కాచగానే కొవ్వు కరుగుతుంది, తోలు బిగిసి అంచును లాగుతుంది, వెంట్రుకవాసి జరుగుతుంది. ప్రతి కాపుకూ ఇంకాస్త.

జారిన చోట జిగురు పూసి నొక్కితే నిలవదు. మొత్తం విప్పాల్సిందే. విప్పిన అంచు పొడిగా ఉండగా న్యూస్‌పేపర్ మీద గట్టిగా రుద్దండి, నూనె మరక పడితే అనుమానం తీరినట్టే. తోలును చన్నీళ్లలో 5–6 గంటలు నానబెట్టండి. వేన్నీళ్లు వద్దు, 60 డిగ్రీలు దాటితే తోలు ముడుచుకుపోయి ఇక పనికిరాదు. అంచు చుట్టూ మూడు వేళ్ల వెడల్పున మొండి కత్తితో గీకి, కుంకుడు రసంతో రెండుసార్లు కడగండి. చెక్క మీది పాత జిగురంతా తీసి, 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, పొడి తుడవండి.

చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, దోసెపిండి కన్నా చిక్కగా ఉడికించండి. చెక్కకూ తోలుకూ రెండింటికీ పూయాలి. ఎదురెదురు వైపులు లాగుతూ అతికించి, నూలు తాడు గట్టిగా చుట్టి, నీడలో కనీసం రెండు రోజులు, వానాకాలమైతే మూడు రోజులు ఆరాకే తాడు విప్పండి.

చట్రం కోలగా వంగింది

తడి తోలును బలం కొద్దీ లాగారు. ఆరేటప్పుడు తోలు తనే బిగుస్తుంది. ముడత పోయేంత లాగితే చాలు.

ఒకవైపు ఒక నాదం, ఇంకోవైపు ఇంకోటి

వెన్ను గీత, అంటే తోలు మీద పశువు వెన్నెముక ఉన్న చోటి గీత, నడిమికి రాలేదు. 16 అంగుళాల చట్రానికి 21–22 అంగుళాల తోలు తీసుకుని, వెన్ను సరిగ్గా మధ్యలో పడేలా పరవండి.

అంచున చిరిగింది

చట్రం అంచు పదునుగా ఉంది. గుండ్రంగా రుద్దండి.

పురుగు తిన్న చిల్లులు, ఒలిచేటప్పుడు పడిన కత్తి గాట్లు అరుదు. నానబెట్టే ముందే తోలును ఎండకు ఎత్తి పట్టి చూస్తే కనిపిస్తాయి.