లైవ్ పెడుతున్నాం, గ్రూపు ఉంది, అయినా సంఘం దగ్గర కావట్లేదా?

హనుమకొండలో మా క్రైస్తవ సంఘానికి సౌండ్, ఫోన్ పనులు నేనే చూస్తాను. కాజీపేట నుంచి ములుగు దాకా తెలిసిన సంఘాలవాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది "ఏ కెమెరా కొనాలన్నా?" అని. నేను తిరిగి అడిగేది, "ఆరాధనకు రాలేకపోతున్నది ఎవరు?" అని. మంచం పట్టిన అవ్వా, భూపాలపల్లి గనిలో షిఫ్టు ఉన్న తమ్ముడా, కువైట్‌లో ఉన్న బిడ్డా? దాన్ని బట్టే ఏం కావాలో తేలుతుంది. చాలాసార్లు కొనాల్సింది ఒక్క కేబులే.

సమస్య: లైవ్‌లో వాక్యం (పాస్టర్ గారి ప్రసంగం) అర్థం కావట్లేదు

మా దగ్గర ఒక పెద్దావిడ చెప్పేదాకా నాకు తెలియలేదు: "పాటలు మంచిగనే ఇనవడ్డయి బిడ్డా, అయ్యగారి మాటనే సమజ్ గాలే."

కారణం: స్టాండు మీద పెట్టిన ఫోన్ మైక్ పాస్టర్ గారి గొంతును నేరుగా తీసుకోదు. బాక్సుల నుంచి వచ్చి గోడలకు తగిలి తిరిగొచ్చే మోతను, ఫ్యాన్ల హోరును కలిపి తీసుకుంటుంది.

పరిష్కారం: మిక్సర్‌కు (మైకులన్నీ కలిపే పెట్టె) ఉండే 'ఆక్స్ అవుట్' లేదా 'రెక్ అవుట్' (శబ్దం బయటకు ఇచ్చే సాకెట్లు) నుంచి ఫోన్‌కు వైరు లాగండి. ఫోన్‌లో గుచ్చే పిన్నుకు మూడు గీతలు ఉండాలి. రెండు గీతల పిన్ను పెడితే ఫోన్ దాన్ని మైక్‌గా గుర్తించదు. మిక్సర్ సిగ్నల్ ఫోన్‌కు చాలా ఎక్కువ కాబట్టి నేరుగా ఇస్తే శబ్దం పగిలిపోతుంది. సిగ్నల్ తగ్గించే కేబుల్ గానీ చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ గానీ మధ్యలో పెట్టండి. ఆక్స్ అవుట్ వాడితే పాస్టర్ గారి మైక్ ఆక్స్ నాబ్ పెంచడం మరచిపోవద్దు, అది హాలు వాల్యూమ్‌కు వేరు. ఇంకొకటి: తబలాకు మైక్ లేకపోతే హాల్లో వినిపించినా లైవ్‌లో అది లేనట్టే.

బొమ్మ ఆగి ఆగి వస్తే తప్పు అప్‌లోడ్ స్పీడుది. శనివారం కాదు, ఆదివారం పదింటికే స్పీడు టెస్ట్ చేయండి. 720పీ వీడియో స్పష్టతకు 4 ఎంబీపీఎస్ వరకు కావాలి. అంత రాకపోతే 480పీకి దించండి, వాక్యానికి అది చాలు. కొత్త యూట్యూబ్ ఛానల్‌లో లైవ్ మొదలు కావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, క్రిస్మస్ ముందు రాత్రి తెరిచి టెన్షన్ పడవద్దు.

సమస్య: మెసేజ్ పంపాం, కొందరికి అందలేదంటున్నారు

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ వాడుతున్నారా? మీ నంబర్‌ను తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ఒక లిస్టులో 256 మందికి మించి పట్టరు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, పెద్దవాళ్ల ఫోన్లు అడిగి, నంబర్ మీరే సేవ్ చేసి ఇవ్వండి.

గ్రూపులో పెట్టినా చూడట్లేదంటే తెల్లవారుజామున వచ్చే శుభోదయం బొమ్మల కింద కూడిక సమయం మునిగిపోయిందన్నమాట. ప్రకటనలకు అడ్మిన్లు మాత్రమే రాసే గ్రూపు వేరుగా పెట్టండి. చదవలేనివాళ్లకు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపండి. ఏటూరునాగారం వైపు సిగ్నల్ బలహీనంగా ఉండే పల్లెలకు వీడియో కంటే అదే నయం.

సమస్య: గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, షిఫ్టులవాళ్లు చూడట్లేదు

మనకు ఉదయం పది అంటే కువైట్, ఖతార్, సౌదీల్లో ఏడున్నర. అక్కడ ఆదివారం పనిరోజు, సెలవు శుక్రవారం. లైవ్ రికార్డింగ్‌లో వాక్యం మొదలయ్యే నిమిషం రాసి గురువారం సాయంత్రం లింక్ మళ్లీ పంపండి. గని కార్మికులకూ ఈ పద్ధతే పనికొస్తుంది.

సమస్య: ప్రార్థన విన్నపాలు రావడం ఆగిపోయింది

దీని మీద అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నా మనవి. ఒక చెల్లెలు తన ఇంటి అప్పు గురించి రాస్తే, సాయంత్రానికి స్క్రీన్‌షాట్ బంధువుల ఫోన్లలో ఉంది. ఆమె మళ్లీ నోరు విప్పలేదు.

విన్నపాలకు గ్రూపు కాకుండా ఒకే నంబర్ పెట్టండి. దాన్ని పాస్టర్ గారో అమ్మగారో (పాస్టర్ గారి భార్య) మాత్రమే చూడాలి. పేరు, జబ్బు బయట చెప్పాలంటే ముందు వాళ్లను అడగండి. వచ్చిన ప్రతి విన్నపానికి ఆ రోజే "చూశాం, ప్రార్థిస్తున్నాం" అని జవాబు వెళ్లాలి, వారంలోపు ఒక ఫోన్ కాల్ కూడా. సాయం అందుకుంటున్న పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా అస్సలు పెట్టవద్దు.

సమస్య: కానుక క్యూఆర్ మీద గుసగుసలు

స్కాన్ చేస్తే ఒక మనిషి పేరు కనబడుతోంది, అదే కారణం. సంఘం పేరిట ఖాతా తెరిచి దానికే క్యూఆర్ తీసుకోండి, నెలనెలా మొత్తం చదివి వినిపించండి. స్టిక్కర్ మీద వేరేది అంటించారేమో తెలియడానికి ప్రతి ఆదివారం ఒక్క రూపాయి పంపి చూడండి.

సమస్య: కుర్రాడు హైదరాబాద్ వెళ్లాడు, ఛానల్ ఆగిపోయింది

ఛానల్ అతని సొంత జీమెయిల్ మీద ఉంటుంది, పాస్‌వర్డ్ అతనికే తెలుసు. ఇప్పుడే సంఘం పేరుతో ఒక మెయిల్ తెరిచి, రికవరీ నంబర్ సంఘం ఫోన్‌దే ఇవ్వండి. యూట్యూబ్ స్టూడియోలో మరో ఇద్దరికి మేనేజర్ అనుమతి ఇవ్వండి. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీల కూడిక నుంచి ఉంటే మంచిది. మా దగ్గర ఇప్పుడు మిక్సర్ ముందు కూర్చునేది ఒక అక్కే. ఎవరింట్లో ఎవరికి బాగాలేదో ఆమెకు తెలుసు కాబట్టి, లైవ్ అయిపోగానే ఫోన్ తీసి వాళ్లను పలకరించేది కూడా ఆమే.