వరద సాయం: ఏది ఎవరిని అడగాలి

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లు రంగంలోకి దింపింది ప్రభుత్వం. ప్రాణం కాపాడే పనికి ప్రైవేటు సాయం కోసం ఎదురుచూడకండి, వెంటనే 112కి ఫోన్ చేయండి. ఇంటి నంబరు, దగ్గరి గుర్తు, ఎన్నో అంతస్తు, మంచం పట్టినవాళ్లున్నారా అన్నది ఒకే ఊపులో చెప్పండి.

తిండి దగ్గర స్వచ్ఛంద సంస్థలు, కంపెనీలు చురుగ్గా కదులుతాయి. చిక్కల్లా పంపకంలోనే. లారీ మెయిన్‌రోడ్డు దాటదు, అక్కడివాళ్లకే మూడుసార్లు అందుతుంది, లోపలి సందులు పస్తులుంటాయి. అందుకే సాయం చేసేవాళ్లు సరుకు కొనకముందే వార్డు సచివాలయంలో అడిగి, ఏ వీధికి ఏం అందలేదో రాసుకుని, పడవ మాట్లాడుకుని బయల్దేరండి. సాంబారన్నం వద్దు. వేడిమీద కవర్లో కడితే కొన్ని గంటల్లోనే పులిసిపోతుంది. చల్లారిన పులిహోర, బిస్కెట్లు, పాలపొడి, శానిటరీ ప్యాడ్లు, కొవ్వొత్తులు, 20 లీటర్లకు సరిపడే క్లోరిన్ బిళ్లలు పెట్టండి. బిళ్ల వేశాక అరగంట ఆగి తాగాలని తప్పకుండా చెప్పండి.

నీళ్లు తీశాక బురద కడిగే తొందరలో ఆధారాలు పోగొట్టుకుంటారు. ముందు గోడమీది నీటిచారిక, ఫ్రిజ్, దాని మోడల్ నంబరు ఫొటో తీయండి. ప్రభుత్వ నష్టపరిహార గణనకూ, బీమా క్లెయిముకూ ఇవే సాక్ష్యం. మునిగిన బండికి తాళం తిప్పొద్దు. ఇంజిన్ సిలిండర్లో నీళ్లుంటే లోపలి కనెక్టింగ్ రాడ్ అనే కడ్డీ వంగుతుంది, ఇంజిన్‌కు విడిగా బీమా రక్షణ లేని పాలసీలో ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది. బీమా కంపెనీకి చెప్పి, బండిని లాగించుకునే వెళ్లండి.